అసీల్ కోడి: పేర్లలో నిలిచిన చరిత్ర

నస్పూర్ గోదావరికి ఉత్తరపు ఒడ్డున, శ్రీరాంపూర్ బొగ్గు గనులను ఆనుకొని ఉన్న ఊరు. స్థూలంగా ఈ గోదావరి ప్రాంతమే రెండు అడవికోడి జాతుల వ్యాప్తికి సరిహద్దు. ఉత్తరాన ఎర్ర అడవికోడి, దక్షిణాన బూడిదరంగు అడవికోడి నివసిస్తాయి. మనుషులు మచ్చిక చేసుకున్న కోడికి ప్రధాన మూలం వీటిలో మొదటిది. తెలుగునాట పెరటి కోళ్లన్నింటినీ ‘నాటుకోడి’ అనే ఒక్క మాటతో పిలవడం నేడు వాడుక. అయితే వాటిలో నిర్దిష్ట లక్షణాలు, దీర్ఘ చరిత్ర గల జాతి అసీల్. ఈ జాతి చరిత్రకు తెలుగు సాహిత్యం, తెలుగు పదజాలం ఎంతవరకు ఆధారాలు కాగలవో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

జాతి లక్షణాలు

‘అసీల్’ అరబీ పదం. స్వచ్ఛమైనది, మేలైన పుట్టుక గలది అని అర్థం. ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా ప్రాంతాలను ఈ జాతికి నెలవులుగా గుర్తించారు. పుంజు 4 నుంచి 5 కిలోలు, పెట్ట 3 నుంచి 4 కిలోలు తూగుతాయి. పొడవైన మెడ, విశాలమైన రొమ్ము, దృఢమైన కాళ్లు, శరీరానికి అంటిపెట్టుకొని ఉండే గట్టి ఈకలు, చిన్న బఠానీ జుట్టు దీని గుర్తులు. పెట్ట గుడ్లు తక్కువ పెడుతుంది. కానీ శ్రద్ధగా పొదుగుతుంది, పిల్లలను కాచుకొని సాకుతుంది.

సాహిత్య సాక్ష్యం, దాని పరిమితి

కోడిపందెం ప్రస్తావన భారతీయ సాహిత్యంలో ప్రాచీనం. దండి ‘దశకుమారచరితం’లోని ప్రమతి కథలో నారికేళ, బలాక జాతుల పుంజుల పోరు ఉంది. పుంజులను జాతి పేరిట వేరుచేసి చెప్పిన సందర్భంగా అది విలువైనది. ఈ కావ్యాన్ని 13వ శతాబ్దంలో కేతన తెనిగించాడు. ఓరుగల్లు వీధులను చిత్రించిన ‘క్రీడాభిరామం’లో కోడిపందెపు వర్ణన ఉంది. పల్నాటి వీరుల కథాసంప్రదాయంలో బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు, నాగమ్మ పుంజు సివంగిడేగ.

వీటిని చూపి ఆ పుంజులన్నీ అసీల్ కోళ్లేనని తేల్చడం తొందరపాటు అవుతుంది. పందెపు పుంజు అనేది ఉపయోగాన్ని చెప్పే మాట, అసీల్ అనేది జాతిని చెప్పే మాట. పై కావ్యాల వల్ల తెలుగునాట పందెపు పుంజులను ఎంచి పెంచే అలవాటు ఉన్నదని మాత్రమే రుజువవుతుంది. జాతి చరిత్రకు ఆ ఎంపికే పునాది.

రంగుల పేర్లు

ఆ ఎంపిక జాడలు కావ్యాలకంటే వాడుకలోని పేర్లలో ఎక్కువగా దొరుకుతాయి. ఎర్రని ఈకల పుంజు డేగ, నల్లనిది కాకి, రెక్కలపై గానీ వీపుపై గానీ పసుపు ఈకలున్నది నెమలి, నలుపు ఎరుపు పసుపు కలిసినది కౌజు. నాలుగూ పక్షుల పేర్లే! ఒక పక్షిని మరో పక్షితో పోల్చి గుర్తించిన చూపు ఇది. మెడ మీది ఈకలను బట్టి సవల, పర్ల వంటి పేర్లు ఏర్పడ్డాయి. సివంగిడేగ అనే పేరులోని ‘డేగ’ కూడా ఈ రంగుపేరే కావచ్చు.

పశుశాస్త్ర గ్రంథాలలోని అసీల్ రకాల జాబితా వేరు. అందులో బంగారు ఎరుపుది పీలా, తెల్లనిది నూరీ, నల్లనిది కాగర్, నలుపు ఎరుపులది యాకుబ్. ఈ పేర్లలో ఉత్తరాది వాడుకే వినిపిస్తుంది. తెలుగు ప్రాంతాన్ని జాతి నెలవుగా గుర్తించిన శాస్త్రం తెలుగు పెంపకందారు పేర్లను స్వీకరించలేదు.

కుక్కుటశాస్త్రం ఈ తెలుగు పేర్లను భద్రపరిచింది. అయితే ఏ రోజున ఏ రంగు గెలుస్తుందన్నదే దాని విచారణ. పిల్లకు సగం వారసత్వమిచ్చి, 21 రోజులు పొదిగి, సాకే పెట్టకు అందులో చోటు స్వల్పం. పెరటి కోళ్ల పెంపకం ప్రధానంగా స్త్రీల పని. తూర్పు గోదావరి మన్యంలో పెట్టను మరొకరికి పెంపకానికిచ్చి, దిగిన పిల్లలను ఇద్దరూ పంచుకొనే ‘వాటా’ పద్ధతి ఉంది. డబ్బు లేని ఇంటికి కూడా కోడి చేరే మార్గమది. 1990ల చివర ‘ఆంత్ర’ సంస్థ అక్కడి అసీల్ పరిరక్షణలో ఈ పద్ధతినే ఆధారం చేసుకుంది.

దేశాంతర గమనం

19వ శతాబ్దంలో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో అసీల్‌ను మలయ్, ఇంగ్లీషు పందెపు కోళ్లతో సంకరపరచి ‘ఇండియన్ గేమ్’ జాతిని రూపొందించారు. అదే తర్వాత కార్నిష్‌గా ప్రసిద్ధమైంది. విశాలమైన రొమ్ము కోసం కార్నిష్‌ను పుంజు పక్షాన, ప్లిమత్ రాక్‌ను పెట్ట పక్షాన తీసుకొని బ్రాయిలర్‌ను తయారుచేశారు. నేడు నస్పూర్ అంగడిలో నాటుకోడికి పోటీగా అమ్ముడయ్యే బ్రాయిలర్‌లో అసీల్ వారసత్వం కొంత ఉన్నదన్నమాట. పోయినది రొమ్ము కండ కాదు. పొదిగే గుణం, ఆరుబయట తిరిగి బతికే నేర్పు.

ఉపసంహారం

1960 నాటి జంతుహింసా నిరోధక చట్టం జంతువులను పోరుకు ఉసిగొల్పడాన్ని నేరంగా పరిగణించింది. అది న్యాయమే. అయితే పందెంతో పాటు జాతి కూడా పోవలసిన అవసరం లేదు. హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంచాలక కార్యాలయం అసీల్ నుంచి ‘వనశ్రీ’ని అభివృద్ధి చేసి పెరటి పెంపకానికి అందించింది. జీవిని కాపాడే పని శాస్త్రవేత్తలది. దాని పేర్లను, ముఖ్యంగా పెట్టను, పొదుగును, పిల్లల పెంపకాన్ని గురించి స్త్రీలు వాడే మాటలను, ఊరూరా సేకరించి వృత్తిపదకోశాలలో చేర్చే పని తెలుగు శాఖలది. పందెపు మాటలకు శాస్త్రగ్రంథం ఉంది. పెరటి మాటలకు ఇంకా లేదు.