చీటీలకెక్కిన మాటలు

పుస్తకమును చదువుట ఒకటి. అందులో వెదకుట వేరొకటి. మన యింట తాతగారి దినచర్య పుస్తకమొకటి యున్నదనుకొందము. నూయి త్రవ్వించిన వృత్తాంతము అందెచ్చటనో యుండును. అది ఏ పుటలో నున్నదో తెలియవలెనన్న మొదటినుండి తుదివరకు చదువక తప్పదు. వ్రాతలో విషయము కలదు, కాని ఆ విషయమునకు చిరునామా లేదు. అట్టి చిరునామాలను యంత్రసాయమున సమకూర్చిన ఒక మహాప్రయత్నమును ఇచట స్మరింపదలచితిమి.

ఇటలీ దేశస్థుడగు రోబెర్తో బూసా (1913-2011) జెస్యూట్ మతాచార్యుడు. 13వ శతాబ్దపు తత్త్వవేత్తయగు తామస్ అక్వినాస్ రచనలలో 'సాన్నిధ్యము' అను భావమును ఆయన పరిశోధించెను. ఆ నామవాచకమును మాత్రమే వెదకిన చాలదని కొంతకాలమునకు తోచెను. లాటిను భాషలో 'ఇన్' అను చిన్న పదముననే, అనగా మన 'లో', 'అందు' వంటి దానియందే, ఆ భావము దాగియుండెను. అంత చిన్న మాటను విషయసూచికలో నెవరు చేర్తురు? ఆయన స్వహస్తముతో పదివేల చీటీలు వ్రాసికొని, 1946లో తన సిద్ధాంతవ్యాసమును ముగించెను.

పిదప అక్వినాస్ వాడిన ప్రతి పదమునకును పట్టిక కావలెనని సంకల్పించెను. ఆ పదములు కోటికి మించునవి! 1949లో న్యూయార్కు నగరమున ఐ.బి.ఎం. అధిపతి తామస్ వాట్సన్‌ను దర్శించెను. ఇది యంత్రమునకు అసాధ్యమని నిపుణులు నివేదించి యుండిరి. కష్టమైనది వెంటనే చేయుదుము, అసాధ్యమైనదానికి కొంత వ్యవధి పట్టునని ఆ సంస్థవారే ప్రకటించుకొనిన కాగితమును బూసా వాట్సన్ ముందుంచెనట. వాట్సన్ సమ్మతించెను.

పని తీరు ఇట్టిది. గ్రంథములోని వాక్యభాగమును రంధ్రములరూపమున కార్డుపై గుర్తింతురు. యంత్రము దానినుండి పదమునకొక కార్డు చొప్పున తయారుచేయును. దానిపై ఆ పదమును, అది వచ్చిన చోటును ఉండును. మరియొక యంత్రము వానిని అకారాదిగా పేర్చును. అప్పుడు ప్రవాహమువంటి వ్రాత పట్టిక యగును.

మిలాను సమీపమున గల్లరాతే పట్టణములో యువతులు పలువురు ఈ కార్డులకు రంధ్రములు వేసిరి. వారి శిక్షణకై పాఠశాలయు వెలసెను. వారి పేర్లు చిరకాలము చరిత్ర కెక్కలేదు. ఇటీవలనే పరిశోధకులు వారిలో కొందరిని కలిసికొని వారి అనుభవములను గ్రంథస్థము చేసిరి. కీర్తి ఒకరిది, వ్రేళ్ళు పలువురివి.

యంత్రమునకు అర్థము తెలియదు. మన తెలుగులో 'ఆరు' అన్నది సంఖ్యయా, దీపము ఆరుటయా? 'కల' అన్నది స్వప్నమా, కలిగియుండుటయా? ఇట్టి సందేహములను పండితులే తీర్చి, ప్రతి రూపమును దాని మూలపదముతో జతపరుపవలసి యుండెను. అందుచేతనే ముప్పది సంవత్సరములు పట్టినది. 1980 నాటికి ఆ పదసూచి 56 సంపుటములుగా వెలువడినది. 2005లో అంతర్జాలమున కెక్కినది.

ఈలోగా మరియొక మార్గమేర్పడెను. వ్రాతను విడదీయక, దానిలోనే ఇది శీర్షిక, ఇది పేరు, ఇది తేదీ అని గుర్తులు పెట్టుట. ఐ.బి.ఎం. యందే 1969లో గోల్డ్‌ఫార్బ్, మోషర్, లోరీ అను మువ్వురు న్యాయవాదుల పత్రములకై ఇట్టి గుర్తుల భాషను కల్పించిరి. దాని సంతతియే 1986 నాటి ఎస్.జి.ఎం.ఎల్., 1998 నాటి ఎక్స్.ఎం.ఎల్.

1991లో యూనికోడ్ తొలి సంచికయందే తెలుగు లిపికి స్థానము లభించినది. కాని అక్షరములు చేరినంతమాత్రమున పదములు చేరినట్లు కాదు. సంధి కలిసిన చోట పదమెచ్చట ముగియునో యంత్రమునకు చెప్పవలసినవారము మనమే. రంధ్రములు వేసిన ఆ యువతుల ఓర్పు, చిన్న మాటను చిన్నచూపు చూడని ఆ పండితుని పట్టుదల, ఈ రెండును లేనిదే మన వాఙ్మయమునకు చిరునామాలు సమకూరవు.