నేర పరిశోధక వృత్తి

నేరం ఎలా జరిగిందో, ఎవరు చేశారో ఆధారాలతో తేల్చే పనిని నేర పరిశోధన అంటారు. భారతదేశంలో ఈ వృత్తిలోకి రెండు దారులున్నాయి: ఒకటి పోలీసు శాఖ, రెండోది ప్రైవేటు డిటెక్టివ్ సంస్థ. సోదా, అరెస్టు, స్వాధీనం వంటి అధికారాలను చట్టం పోలీసు అధికారికి ఇచ్చింది. ప్రైవేటు డిటెక్టివ్‌కు మామూలు పౌరుడికి మించిన అధికారం లేదు. ఇద్దరి పనిలోని తేడాలన్నిటికీ మూలం ఇదే.

పోలీసు శాఖలో ప్రవేశం

తెలుగు రాష్ట్రాల పోలీసు శాఖల్లో డిటెక్టివ్ పేరుతో నేరుగా భర్తీ చేసే ఉద్యోగం లేదు. ముందు పోలీసుగా చేరి, స్టేషన్‌లో పని నేర్చుకున్నాకే దర్యాప్తు విభాగాలకు వెళ్లాలి. రాజ్యాంగం పోలీసు వ్యవస్థను రాష్ట్ర జాబితాలో ఉంచింది కాబట్టి నియామకాలను రాష్ట్రాలే చేపడతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పోలీసు నియామక మండళ్లు కానిస్టేబుల్, ఎస్సై పోస్టులకు ప్రకటనలు ఇస్తాయి. కానిస్టేబుల్‌కు ఇంటర్మీడియట్, ఎస్సైకి డిగ్రీ కనీస విద్యార్హత. ప్రాథమిక రాత పరీక్ష, దేహదారుఢ్య పరీక్షలు, తుది రాత పరీక్ష వరుసగా జరుగుతాయి. పురుషుల దేహదారుఢ్య పరీక్షల్లో 1600 మీటర్ల పరుగు ముఖ్యమైనది.

గ్రూప్-1 పరీక్షతో డీఎస్పీగా, సివిల్ సర్వీసెస్ పరీక్షతో ఐపీఎస్ అధికారిగా చేరినవారు దర్యాప్తును పర్యవేక్షిస్తారు. కొన్ని కేసులను వారే స్వయంగా దర్యాప్తు చేయాలి. ఉదాహరణకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నమోదైన కేసు దర్యాప్తు అధికారి డీఎస్పీ హోదాకు తగ్గకూడదు.

శిక్షణ

ఎస్సైలకు తెలంగాణలో హిమాయత్‌సాగర్ దగ్గరి పోలీసు అకాడమీలోనూ, ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం పోలీసు శిక్షణ కళాశాలలోనూ శిక్షణ ఇస్తూ వచ్చారు. కవాతు, ఆయుధాల వాడకంతో పాటు చట్టాలు, నేరస్థల పరిశీలన, ఫోరెన్సిక్ విజ్ఞానం నేర్పుతారు. ఉద్యోగంలో ఉన్న అధికారులకు ప్రత్యేక దర్యాప్తు కోర్సులు నడిపే కేంద్ర డిటెక్టివ్ శిక్షణ సంస్థ హైదరాబాద్‌లోని రామంతాపూర్‌లో ఉంది. అనుభవం గడించిన వారిని సీఐడీకి, నగరాల్లోని సెంట్రల్ క్రైమ్ స్టేషన్లకు, సైబర్ నేరాల విభాగాలకు పంపుతారు.

దర్యాప్తు తీరు

2024 జూలై 1 నుంచి దర్యాప్తు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం సాగుతోంది. ఎఫ్ఐఆర్ నమోదు కాగానే దర్యాప్తు అధికారి నేరస్థలాన్ని కాపాడి, పంచుల (సాక్షులుగా పిలిచిన స్థానికుల) సమక్షంలో పంచనామా రాసి, వస్తువులకు సీలు వేస్తారు. క్లూస్ టీం వేలిముద్రలు, రక్తపు మరకలు, పాదముద్రలు సేకరిస్తుంది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి రావాలని, ఏ నేరంలోనైనా సోదాలను ఆడియో, వీడియోల్లో చిత్రీకరించాలని కొత్త చట్టం చెబుతోంది. సాక్షుల వాంగ్మూలాలు నమోదు చేసి, ఏ రోజు ఏం చేశారో కేసు డైరీలో రాస్తారు. చివరకు కోర్టులో ఛార్జిషీటు వేస్తారు. అరెస్టయిన నిందితుడు రిమాండులో ఉంటే, నేర తీవ్రతను బట్టి 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు వేయాలి. గడువు దాటితే అతనికి బెయిలు పొందే హక్కు వస్తుంది.

పోలీసుల ముందు నిందితుడు చేసిన ఒప్పుకోలును కోర్టు రుజువుగా తీసుకోదు. అతను ఇచ్చిన సమాచారంతో ఆయుధమో, సొత్తో దొరికితే, ఆ సమాచారంలో దానికి సంబంధించినంత వరకే చెల్లుతుంది. అందువల్ల నేరం ఒప్పించడం కంటే ఆధారం సంపాదించడమే దర్యాప్తు అధికారి అసలు నైపుణ్యం. సీలు సరిగా లేకపోయినా, వస్తువు ఎప్పుడు ఎవరి చేతిలో ఉందో రాసి ఉండకపోయినా మంచి ఆధారం కూడా కోర్టులో వీగిపోవచ్చు.

కేంద్ర సంస్థలు

సీబీఐ మూలాలు 1941లో ఏర్పడిన స్పెషల్ పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో ఉన్నాయి. ఇప్పటి పేరు 1963లో వచ్చింది. ఇందులో ఎస్సై పోస్టులకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ డిగ్రీ స్థాయి పరీక్ష నిర్వహిస్తుంది. రాష్ట్రాల పోలీసు అధికారులు కూడా డెప్యుటేషన్‌పై వస్తారు. ఉగ్రవాద కేసుల దర్యాప్తు కోసం 2008 నాటి చట్టంతో ఎన్ఐఏ ఏర్పడింది.

ప్రైవేటు డిటెక్టివ్

పెళ్లి సంబంధాల ముందు వాకబు, ఉద్యోగుల పూర్వాపరాలు, బీమా మోసాలు, ఆచూకీ తెలియని వ్యక్తుల అన్వేషణ ఈ సంస్థలకు వచ్చే పనులు. ఈ వృత్తికి దేశంలో ప్రత్యేక లైసెన్సు చట్టం లేదు. నియంత్రణ కోసం 2007లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు చట్టం కాలేదు. సెక్యూరిటీ గార్డులను పెట్టే సంస్థలకు 2005 చట్టం ఉన్నా, అది డిటెక్టివ్ పనికి వర్తించదు. నిర్దిష్ట అర్హత ఏదీ లేనందున చాలామంది ఏదో ఒక సంస్థలో చేరి, అనుభవజ్ఞుల దగ్గర పని నేర్చుకుంటారు. విశ్రాంత పోలీసు, సైనిక ఉద్యోగులూ ఈ రంగంలోకి వస్తారు. న్యాయశాస్త్రం, ఫోరెన్సిక్ విజ్ఞానం, అకౌంట్స్ చదివిన వారికి ఆ చదువు అక్కరకొస్తుంది.

బహిరంగ స్థలంలో గమనించడం, అందరికీ అందుబాటులో ఉండే ప్రభుత్వ రికార్డులు చూడటం, ఇష్టపడి చెప్పే వారిని విచారించడం వరకు ఇబ్బంది లేదు. ఫోన్లను ట్యాప్ చేయడం, కాల్ వివరాలు దొంగచాటుగా కొనడం, పోలీసునని చెప్పుకోవడం, ఇళ్లలోకి చొరబడటం నేరాలు. కాల్ వివరాల అక్రమ విక్రయం కేసులో 2018లో ఠాణె పోలీసులు పలువురు ప్రైవేటు డిటెక్టివ్‌లను అరెస్టు చేశారు. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక ఈ హద్దుల ప్రాధాన్యం మరింత పెరిగింది.

డిటెక్టివ్ నివేదిక దానంతట అదే రుజువు కాదు. వివాదం కోర్టుకు చేరితే దాన్ని రాసిన వ్యక్తి సాక్షిగా బోనెక్కి, ఎదుటి పక్షం న్యాయవాది క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలబడాలి. తేదీ, సమయం, చోటు తప్పకుండా రాసుకోవడం, చూసినదాన్ని ఊహించినదానితో కలపకుండా ఉండటం ఈ వృత్తిలోకి రాదలచిన వారు మొదట అలవరచుకోవాల్సిన పద్ధతులు.