స్నేహితుని శోకం, చేతిపని: పాతబస్తీ అషూర్‌ఖానాలు చెప్పే చరిత్ర

లక్ష్యాలు

ఈ వ్యాసం చదివిన తరవాత మీరు:
- దుఃఖంలో ఉన్నవారికి చేతిపని ఎలా ఊరటనిస్తుందో చారిత్రక ఉదాహరణలతో వివరించగలుగుతారు.
- హైదరాబాద్ అషూర్‌ఖానాలలోని అలంలు, పెంకుల పని ఏర్పడిన నేపథ్యాన్ని తెలుసుకుంటారు.
- వస్తువులను చరిత్రకు ఆధారాలుగా వాడేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను గుర్తిస్తారు.

1. పరిచయం

మనిషి చనిపోతే ఎవరు ఏ పని చేయాలో మన సమాజంలో ఆచారం ముందే నిర్ణయించింది. హిందూ కుటుంబాలలో సాధారణంగా కొడుకు తలకొరివి పెడతాడు, దాయాదులు మైల పాటిస్తారు. ముస్లిం కుటుంబాలలో భార్య ఇద్దత్ గడువు పాటిస్తుంది, నలభైయవ రోజున ఇంటివారు ఫాతెహా జరుపుతారు. ఈ ఏర్పాటులో స్నేహితునికి ప్రత్యేకమైన స్థానం లేదు. అతడు పాడెకు భుజమిస్తాడు, పిడికెడు మట్టి వేస్తాడు, ఇంటికి తిరిగివస్తాడు. అతని దుఃఖం తక్కువదని కాదు. ఆ దుఃఖంతో చేయవలసిన పని మాత్రం అతనికి మిగలదు.

ఇటువంటి దుఃఖం చరిత్రకారునికి ఎక్కడ దొరుకుతుంది? శాసనాలు, ఫర్మానాలు, ఆస్థాన చరిత్రలు ఎక్కువగా పాలకుల గురించే చెబుతాయి. సామాన్యుడు తన మిత్రుని కోసం ఎంత ఏడ్చాడో అవి నమోదు చేయలేదు. అందువల్ల మనం రాతలతో పాటు చేతితో చేసిన వస్తువులను కూడా చూడాలి. పాతబస్తీలోని అషూర్‌ఖానాలు ఇందుకు మంచి ఉదాహరణ.

2. అలం: శోకానికి రూపం

క్రీ.శ. 680లో, హిజ్రీ 61 మొహర్రం పదవ రోజున, ఇరాక్‌లోని కర్బలా వద్ద ఇమాం హుసేన్, ఆయన వెంట ఉన్న కొద్దిమంది వీరమరణం పొందారు. వారందరూ ఆయన రక్తసంబంధీకులు కారు. షియా సంప్రదాయం ప్రకారం వారిలో హబీబ్ ఇబ్న్ మజాహిర్ అనే వృద్ధుడు హుసేన్‌కు చిన్ననాటి స్నేహితుడు. ఆ దళం జెండాను మోసినవాడు హుసేన్ సోదరుడు అబ్బాస్. ఆ జెండాకు గుర్తుగా నిలిపేదే అలం. కర్రకు అమర్చిన లోహపు ఫలకం దీని ముఖ్యభాగం. అది నీటిబొట్టు ఆకారంలోనో, అరచేయి ఆకారంలోనో ఉంటుంది. అషూర్ అంటే మొహర్రం పదవ దినం. అలంలు నిలిపి శోకం పాటించే ఇల్లు అషూర్‌ఖానా.

1591లో చార్మినార్‌ను నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా, ఆ దశాబ్దంలోనే దానికి సమీపంలో బాద్‌షాహీ అషూర్‌ఖానాను కట్టించాడు. ఆయన దక్కనీ భాషలో మర్సియాలు, అంటే శోకగీతాలు కూడా రచించాడు. అయితే మాటలతోనే ఆగలేదు. 1611 నాటికి లోపలి గోడలపై రంగురంగుల పెంకుల పని పూర్తయింది. నీలం, పసుపు, ఆకుపచ్చ పెంకు ముక్కలను పక్కపక్కన పొదిగి అలం ఆకారాలను, షడ్భుజి నమూనాలను తీర్చారు. ఇది తొందరగా తేలే పని కాదు. ప్రతి ముక్కనూ కొలతకు కోసి, దాని చోట అమర్చాలి.

3. అందరి చేతులకూ పని

అలం తయారీ లోహకారునితో ముగియదు. ఏటా మొహర్రంలో దానిని బయటికి తీయాలి, మెరుగుపెట్టాలి, కర్రకు బిగించాలి. దట్టీలు అనే వస్త్రాలు కట్టాలి, పూలదండలు వేయాలి. చివరికి వస్త్రాలు విప్పి భద్రపరచాలి. ఈ పనులలో పాల్గొనడానికి రక్తసంబంధం అవసరం లేదు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ జరిగే తీరు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అక్కడ హిందువులు కూడా పీర్లకు దట్టీలు సమర్పిస్తారు, అలాయి గుండం చుట్టూ ఆడతారు. ఆచారం ప్రకారం శోకంలో వాటా లేని మనిషికి కూడా ఇక్కడ చేయడానికి ఒక పని దొరుకుతుంది.

ఈ పనికి గడువు కూడా ఉంది. హైదరాబాద్ షియాలు రెండు నెలల ఎనిమిది రోజులు శోకం పాటించి, ఆ తరవాత నల్లబట్టలు విడుస్తారు. మరుసటి ఏడు మళ్ళీ మొదలుపెడతారు. దుఃఖం పూర్తిగా పోవాలని ఈ పద్ధతి కోరదు. దానికి ఒక చోటు, ఒక గడువు, నలుగురి తోడు కల్పిస్తుంది. చేతిపని ఇచ్చే ఊరటను ఈ మూడింటిలో వెతకాలి.

4. ఒక జాగ్రత్త

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. పెంకులు పొదిగినవారు కూలికి చేశారు కదా, వారి పనిలో శోకం ఉందని ఎలా అనగలం? ఈ ప్రశ్న న్యాయమైనది. గోడను చూసి పనివాని మనసును చదవలేము. రాజు ధనం, రాజ్యప్రతిష్ఠ కూడా ఆ గోడలో ఉన్నాయి. కాబట్టి ఏ వస్తువును పరిశీలించినా మూడు ప్రశ్నలు వేసుకోవాలి: దానిని ఎవరు చేశారు? ఎవరు చేయించారు? ఎవరు ఏటేటా చేతుల్లోకి తీసుకుంటున్నారు? మొదటి రెండింటికి జవాబు ఉపాధిని, అధికారాన్ని చూపవచ్చు. శోకం స్పష్టంగా కనబడేది మూడవదానిలో. దట్టీ ఖరీదు తక్కువే కావచ్చు, కానీ దానిని తెచ్చి కట్టిన మనిషి తన ఇష్టంతో కట్టాడు.

5. మరో దేశంలో ఇదే అవసరం

స్నేహితుని శోకానికి చేతిపని తోడైన సందర్భం అమెరికాలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన క్లీవ్ జోన్స్, ఎయిడ్స్‌తో మరణించిన తన మిత్రుడు మార్విన్ ఫెల్డ్‌మన్ జ్ఞాపకార్థం 1987లో ఒక గుడ్డపలకను తయారుచేశాడు. దాని కొలత మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, సుమారుగా ఒక సమాధి అంత. అప్పట్లో ఈ వ్యాధితో పోయినవారిని కొన్ని కుటుంబాలు తమవారని చెప్పుకోలేదు, కొందరికి అంత్యక్రియలు జరపడానికి కూడా నిరాకరణ ఎదురైంది. అందువల్ల మిత్రులే సూది, దారం పట్టారు. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో పరచిన ఆ బొంతలో 1,920 పలకలు ఉన్నాయి.

మతం, కాలం, దేశం వేరు. అషూర్‌ఖానాలో శోకం పవిత్ర పురుషుల కోసం, బొంతలో శోకం సామాన్య మిత్రుల కోసం. ఈ తేడాను చెరపకూడదు. అయినా రెండుచోట్లా చేతిపని ఒకే అవసరాన్ని తీర్చింది. బంధుత్వం ఇవ్వని వాటాను శోకించేవారికి ఇచ్చింది.

6. చెరిగినచోట మరమ్మతు

1687లో గోల్కొండ మొగలుల వశమయ్యాక బాద్‌షాహీ అషూర్‌ఖానాకు ఆదరణ కరవైంది. నిజాం అలీఖాన్ (1762–1803) కాలంలో అది తిరిగి పూర్వవైభవం పొందింది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తి వేలాది ప్రాణాలు తీసింది. ఆ నీరు ఈ గోడల పెంకులనూ దెబ్బతీసింది. రాలినచోట తరవాత రంగులతో పూరించారు. పాత పెంకులకూ కొత్త రంగుకూ తేడా తెలిసిపోతుంది. పోయినది తిరిగి రాలేదు, గోడ మాత్రం ఖాళీగా మిగలలేదు. ఆత్మీయుని పోగొట్టుకున్నవారికి చేతిపని చేయగలిగిన మేలు కూడా ఇంతే.

7. సారాంశం

ఆచారాలు శోకంలో బంధువులకు పని కేటాయించాయి, స్నేహితులకు అంతగా కేటాయించలేదు. పాతబస్తీ అషూర్‌ఖానాల సంప్రదాయంలో అలంలు, దట్టీలు ఆ కొరతను కొంత తీర్చాయి. చేతిపని దుఃఖాన్ని తీసివేయదు, దానికి చోటు, గడువు, తోడు ఇస్తుంది. ఇటువంటి వస్తువులను చరిత్రకు ఆధారంగా తీసుకునేటప్పుడు చేసినవారిని, చేయించినవారిని, వాడినవారిని వేరువేరుగా పరిశీలించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అలం అంటే ఏమిటి? దానికీ కర్బలా సంఘటనకూ ఉన్న సంబంధం ఏమిటి?
2. వస్తువుల ద్వారా దుఃఖచరిత్రను రాయడంలో ఎదురయ్యే పరిమితులను చర్చించండి.
3. మీ ఇంట్లోగాని, మీ ఊళ్ళోగాని చనిపోయినవారి జ్ఞాపకంగా దాచిన ఒక చేతిపని వస్తువును ఎన్నుకుని, నాలుగవ భాగంలోని మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి.