కారియన్ వ్యాధి: ఎర్ర రక్తకణాల వినాశం

కారియన్ వ్యాధి పెరూ, ఈక్వడార్, కొలంబియా దేశాల్లోని ఆండీస్ కొండ లోయల్లో కనిపించే సాంక్రమిక వ్యాధి. దీనికి కారణం బార్టొనెల్లా బాసిల్లిఫార్మిస్ అనే బాక్టీరియా. లుట్జోమియా జాతి ఇసుక ఈగలు సాయంవేళ కుట్టి దీన్ని ఒకరి నుంచి మరొకరికి చేరుస్తాయి. మనిషి తప్ప దీనికి మరో ఆశ్రయం ఉన్నట్లు ఇంతవరకు తేలలేదు.

వ్యాధికి రెండు దశలు. మొదటిది ప్రాణాంతకమైన ఒరోయా జ్వరం. రెండోది కొన్ని వారాలకో నెలలకో చర్మంపై ఎర్రని బొడిపెలుగా తేలే వెర్రూగా.

ఒరోయా జ్వరంలో రక్తం హరించుకుపోయే తీరు విలక్షణమైనది. ఎర్ర రక్తకణానికి దేన్నీ మింగే శక్తి లేదు కాబట్టి బాక్టీరియా తానే దారి చేసుకోవాలి. ఒక కొసన ఉన్న కశాభాలను వేగంగా తిప్పుతూ వచ్చి కణానికి అతుక్కుంటుంది. అది విడుదల చేసే డిఫార్మిన్ అనే పదార్థం వల్ల కణత్వచంపై గుంటలు, లోతైన మడతలు పడతాయి. ఆ మడతల గుండా లోపలికి చొరబడి అక్కడే వృద్ధి చెందుతుంది. జీమ్సా రంగు వేసిన రక్తపు పూతను సూక్ష్మదర్శినిలో చూస్తే కణాల్లో ఊదారంగు పుల్లల్లాంటి బాక్టీరియా కనిపిస్తుంది. తీవ్ర దశలో అది సోకని కణం దొరకడమే అరుదు.

అయితే కణాలను ఎక్కువగా నాశనం చేసేది రోగి సొంత శరీరమే. ప్లీహంలోని ఇరుకు సందుల్లోంచి దూరాలంటే కణం మెత్తగా వంగాలి. రూపు చెడిన కణాలు అక్కడ చిక్కుకుపోతాయి. ప్లీహంలోనూ కాలేయంలోనూ ఉండే భక్షక కణాలు వాటిని మింగేస్తాయి. ఆ రెండు అవయవాలూ ఉబ్బుతాయి, కామెర్లు వస్తాయి. ఘనపు మిల్లీమీటరుకు 50 లక్షలు ఉండాల్సిన ఎర్ర కణాలు కొన్నాళ్లలోనే 10 లక్షల లోపుకు పడిపోవచ్చు. రోగనిరోధక శక్తి కూడా సన్నగిల్లడంతో సాల్మొనెల్లా వంటి ఇతర సూక్ష్మజీవులు దాడి చేస్తాయి. వైద్యం అందకపోతే నూటికి 40 నుంచి 85 మంది దాకా మరణిస్తారు.

1870ల్లో లీమా నుంచి ఒరోయాకు రైలుమార్గం వేస్తుండగా వేలాది కూలీలు ఈ జ్వరంతో చనిపోయారు. జ్వరమూ బొడిపెలూ ఒకే వ్యాధా అన్న సందేహం అప్పటికి తీరలేదు. 1885 ఆగస్టు 27న వైద్య విద్యార్థి డానియల్ అల్సీడెస్ కారియన్ ఒక రోగి బొడిపె నుంచి తీసిన రక్తాన్ని తన శరీరంలోకి ఎక్కించుకున్నాడు. మూడు వారాలకు జ్వరం మొదలైంది. చేతనైనంత కాలం తన లక్షణాలను తానే రాసుకుంటూ వచ్చి అక్టోబరు 5న మరణించాడు. పెరూలో ఆ తేదీని వైద్య దినంగా పాటిస్తారు. 1905లో అల్బెర్టో బార్టన్ రోగుల ఎర్ర కణాల్లో ఈ సూక్ష్మజీవిని గుర్తించాడు. 1913లో వచ్చిన హార్వర్డ్ బృందం జ్వరమూ బొడిపెలూ రెండు వేర్వేరు వ్యాధులని పొరబడింది. 1926లో హిదేయో నొగూచి ప్రయోగాలతో, కారియన్ ప్రయోగం చూపినట్లే రెండూ ఒకే వ్యాధి అని తేలింది.

సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులతో జ్వరం నయమవుతుంది. కానీ ఏ లక్షణమూ లేకుండా రక్తంలో బాక్టీరియాను మోసేవారు ఈ లోయల్లో ఉన్నారు. వారిలో బాక్టీరియా చాలా కొద్దిగా ఉండటం వల్ల రక్తపు పూత పరీక్షకు తరచూ చిక్కదు. కొండ పల్లెల ఆరోగ్య కేంద్రాలకు ఎక్కువగా అందుబాటులో ఉన్నది ఆ పరీక్షే.