పెరటికోడి పూర్వగాథ

పొలమును, ఎడ్లును, అప్పుపత్రములును పురుషుని పేరనుండగా, తెలుగు పల్లెలలో పెరటికోళ్లు మాత్రము తరతరములుగా ఇల్లాలి సొత్తుగా చెల్లుచుండెను. గ్రుడ్లమ్మిన సొమ్మునకు ఆమె యెవ్వరికిని లెక్క చెప్పనక్కరలేదు. ఉప్పునకో, పిల్లవాని పలకకో, పుట్టింటి ప్రయాణమునకో అది యక్కరకు వచ్చెడిది. గోదావరి మన్యపు గిరిజన గ్రామములలో ‘వాటా’ యను నేర్పాటొకటి కలదు. కోళ్లు లేని పేదరాలు, కలిగినయామె యొద్దనుండి పెట్టను తెచ్చి సాకి, అది పొదిగిన పిల్లలలో సగము తానుంచుకొని, తక్కిన సగము నిచ్చివేయును. పత్రము లేకయే సాగిన ఈ ఋణవ్యవస్థను మన ఆర్థికచరిత్రకారులు పట్టించుకొనకపోవుట నాకు వింతగానే తోచును.

పెంపకములో వ్యయము స్వల్పము. తెల్లవారగానే గంప యెత్తినచో కోడి పెంటకుప్పను కెలకి, కళ్లములో రాలిన గింజలను, దొడ్డిలోని పురుగులను ఏరుకొని తిని, పైన ఇల్లాలు చల్లిన గుప్పెడు నూకలతోను తవుడుతోను తృప్తిపడి, మునిమాపున తనంతట తానే గూటికి చేరును. పిల్లల మేతకు మన స్త్రీలు కనిపెట్టిన యుపాయము మరింత చమత్కారమైనది: పగిలిన కుండలో పేడయు, గోనెపీలికలును, గడ్డియు కుక్కి, నీరు చిలికి, చెదలున్న తావున సాయంకాలము బోర్లించుదురు, ఉదయమునకు కుండ నిండ చెదపురుగులు చేరును. గంపలో గడ్డి పరచి, గ్రుడ్లు పేర్చి పొదుగునకు కూర్చుండబెట్టిన పెట్ట ఇరువదియొక్క దినములు దాదాపు కదలకుండును. పొదుగు వలదన్నప్పుడు మాత్రము దానిని నీళ్లలో ముంచుటయు, ముక్కురంధ్రములో ఈక గ్రుచ్చుటయు వాడుక. ఈ రెండవది చూచుటకు కష్టముగానే యుండును.

ఇది యంతయు భూతదయచేత జరిగినదని నేననను. గద్దయు ముంగిసయు తన్నుకొనిపోయినవి పోగా, జాతరనాటి కత్తి యుండనే యుండెను. సంక్రాంతి బరులలో కాకి, డేగ, నెమలి, సేతువ యని రంగులనుబట్టి పేరులిచ్చి పోషించిన పుంజుల గతి యెట్టిదో కోనసీమవారికి చెప్పనక్కరలేదు. కొక్కెర తెగులు సోకినచో ఊరి కోళ్లన్నియు వారములో తుడుచుకొనిపోయెడివి. 1927 ప్రాంతమున కుమావూఁ కొండలలోని రాణీఖేతులో గుర్తింపబడుటచే శాస్త్రజ్ఞులు దాని కా యూరి పేరే పెట్టిరి. అయినను చచ్చుదాక ఆ పక్షి పక్షిగానే బ్రదికెను. మట్టిలో పొరలుట, రెక్కలు చాచుట, గ్రుడ్డు పెట్టుటకు మరుగు వెదకుకొనుట, ఇవి యెవరును దానికి దయతో నొసగినవి కావు. దాని మేతను అదియే వెదకుకొన్నగాని గిట్టుబాటు కాని పేదరికమే వానిని కాపాడెను.

ఆ గిట్టుబాటు లెక్కయే తలక్రిందులైనప్పుడు బోను వచ్చెను. అమెరికాలోని డెలవేర్ రాష్ట్రములో 1923లో సెసీల్ స్టీల్ అను గృహిణి గ్రుడ్లకొరకు 50 పిల్లలను కోరగా పొరపాటున 500 వచ్చెననియు, వానిని మాంసమునకు పెంచి అమ్మి ఆమె లాభపడెననియు, బ్రాయిలరు పరిశ్రమకు అదియే నాంది యనియు చెప్పుదురు. ఒక యింటి పెరటినుండియే ఆ పరిశ్రమ పుట్టుట గమనింపదగినది. మన హైదరాబాదున 1971లో బి.వి.రావు వేంకటేశ్వర హేచరీస్ స్థాపించెను. దళారుల చేతిలోని గ్రుడ్డు ధరను రైతుల చేతికి తెచ్చుటకు 1982లో జాతీయ గ్రుడ్ల సమన్వయ సంఘమును ఏర్పరచుటలో ఆయనయే ముందు నిలిచెను. నాటుపెట్ట యేటికి అరువది, డెబ్బది గ్రుడ్లు పెట్టుచోట లేయరు కోడి మున్నూరుదాక పెట్టసాగెను. బడిపిల్లల మధ్యాహ్నభోజనములోనికి గ్రుడ్డు వచ్చినదన్న అది యీ చౌకదనపు చలువయే. దానిని కాదనుట అన్యాయము.

అయితే ఆ చౌకదనపు వెలను కోడి తన దేహముతో చెల్లించినది. బోనులో ఒక్కొక్క పెట్టకు దక్కెడి చోటు టైపుకాగితమంత యైనను ఉండదు. ఒండొంటిని పొడుచుకొనకుండ పసితనముననే ముక్కు కొన కత్తిరింతురు. ఇంగ్లండులో రూత్ హారిసన్ 1964లో వ్రాసిన గ్రంథము ఈ విషయమై అలజడి రేపగా, కాలక్రమమున ఐరోపా సమాఖ్య 2012నుండి వట్టి బోనులను నిషేధించెను. మన దేశములోనో, చాలినంత కదలికకు వీలులేని పంజరములో జంతువును బంధించుట నేరమని 1960నాటి చట్టమే పలికియున్నది. అయినను 2017లో లా కమిషన్ కోళ్లకొరకై ప్రత్యేక నివేదికయే వ్రాయవలసివచ్చెను.

హేచరీ పుట్టిన హైదరాబాదులోనే, రాజేంద్రనగరున, 1988లో వెలసిన కేంద్ర కోళ్ల పరిశోధనాలయము పెరటికై వనరాజ, గ్రామప్రియ యను జాతులను రూపొందించెను. గద్దకంట పడకుండ రంగుల ఈకలును, పరుగునకు పొడవైన కాళ్లును గల వనరాజ, నాటుపెట్టకంటె హెచ్చుగా గ్రుడ్లు పెట్టును. 2019నాటి పశుగణనలో దేశపు 85 కోట్ల కోళ్లలో పెరటివి దాదాపు 32 కోట్లు. ఏడేండ్లలో ఇవి నూటికి నలువదియాఱు వంతున పెరుగగా, ఫారపు కోళ్లు అయిదు వంతులైనను పెరుగలేదు. కాని హెచ్చు గ్రుడ్లకై యేర్చి కూర్చిన ఈ క్రొత్త పెట్టలు పొదుగుట మఱచినవి. మంద తఱిగినపుడెల్ల ఇల్లాలు పిల్లలకై మరల కొట్టునకో కేంద్రమునకో పోవలసినదే. వాటాకిచ్చుటకు పొదుగని పెట్ట పనికిరాదు గనుక, క్రొత్త జాతి వచ్చిన దొడ్డిలో సయితము పొదుగుకొరకని ఒక నాటుపెట్టను ఉంచుకొనక తప్పదు.