ఆక్సీకరణ ఒత్తిడి: వ్యాధులతో సంబంధం, పరిశోధన చరిత్ర

మనం పీల్చే ఆక్సిజన్‌లో కొద్ది భాగం కణాల్లో సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి చురుకైన పదార్థాలుగా మారుతుంది. వీటిని విరిచే ఎంజైములు, గ్లుటాథయాన్ వంటి రక్షకాలు చాలనప్పుడు కణపొరల్లోని కొవ్వులు, ప్రోటీన్లు, డీఎన్‌ఏ దెబ్బతింటాయి. ఈ స్థితే ఆక్సీకరణ ఒత్తిడి. మధుమేహం, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు, కంటి శుక్లం, ఏ జబ్బులో వెతికినా ఇది కనబడుతుంది. జబ్బుకు ఇదే మూలమా, జబ్బు వల్ల ఇది వచ్చిందా అన్న తగవు చాలా జబ్బుల విషయంలో ఇంకా తెగలేదు.

ఆక్సిజన్ ఎక్కువైతే కలిగే హానికీ, ఎక్స్‌రే కిరణాల వల్ల జరిగే హానికీ కారణం ఒకటేనని, అవి సూపరాక్సైడ్ వంటి ఫ్రీ రాడికల్సేనని 1954లో అర్జెంటీనా శాస్త్రవేత్త రెబెకా గెర్ష్‌మన్ బృందం ప్రతిపాదించింది. రెండేళ్లకు డెన్హమ్ హార్మన్ అనే శాస్త్రవేత్త ముసలితనాన్నీ వీటి ఖాతాలోనే వేశాడు. జీవశాస్త్రజ్ఞులు అంతగా పట్టించుకోలేదు. 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్‌లు సూపరాక్సైడ్‌ను విరిచే ఎంజైమును గుర్తించాకే వాదానికి బలం వచ్చింది. 'ఆక్సీకరణ ఒత్తిడి' అన్న మాటకు నేటి అర్థాన్ని స్థిరపరచినది 1985లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మూట్ సీస్.

ఈ పదార్థాలు అచ్చంగా శత్రువులూ కావు. తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను చంపడానికి సూపరాక్సైడ్‌ను తయారుచేస్తాయని 1973లో బాబియర్ బృందం చూపింది. దీని నుంచి పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు క్షయ క్రిమి దగ్గర విరుగుడుంది: కెటలేజ్ ఎంజైము. క్షయ మందు కథలోనూ ఈ ఎంజైముకు చోటుంది. అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో శానిటోరియం మొదలైనప్పుడు క్షయకు మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, తిండే వైద్యం. 1952లో ఐసోనియాజిడ్ అనే మందు వచ్చింది. చిత్రమేమంటే, ఈ మందు పనిచేయాలంటే క్రిమికి చెందిన ఆ ఎంజైమే దాన్ని మేల్కొలపాలి. ఎంజైమును వదులుకున్న క్రిమి మందుకు లొంగదు, కానీ తన రక్షణలో కొంత పోగొట్టుకుంటుంది.

తిరుపతిలో ఆక్సీకరణ ఒత్తిడిపై పరిశోధన మధుమేహం చుట్టూ సాగింది. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ జీవరసాయన శాఖకు చెందిన కేశవులు, గిరి, కామేశ్వరరావు, అప్పారావు 2000లో ఒక వ్యాసం ప్రచురించారు. కళ్లు, మూత్రపిండాల వంటి చోట్ల సన్నని రక్తనాళాలు దెబ్బతిన్న టైప్ 2 రోగుల్లో కొవ్వుల ఆక్సీకరణను, రక్షక ఎంజైములను అందులో కొలిచారు. ఇలాంటి పనికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. కొవ్వులు ఆక్సీకరణం చెందితే మిగిలే మాలోన్‌డైఆల్డిహైడ్, థయోబార్బిట్యూరిక్ ఆమ్లంతో కలిసి గులాబి రంగునిస్తుంది. స్పెక్ట్రోఫొటోమీటరుతో ఆ రంగును కొలిస్తే చాలు. మన విశ్వవిద్యాలయాల్లో ఈ రంగం ఇంతగా అల్లుకోవడానికి ఈ చౌక పరీక్ష ఒక కారణమనిపిస్తుంది. దాని లోపమూ అక్కడే ఉంది: ఇతర పదార్థాలూ అదే రంగునిస్తాయి. పైగా ఒక్కసారి తీసిన రక్తం ఏది ముందో, ఏది వెనకో చెప్పలేదు. రక్తంలో చక్కెర పెరిగితే మైటోకాండ్రియాలో సూపరాక్సైడ్ పెరిగి, దాని నుంచే రక్తనాళాల నష్టం మొదలవుతుందని బ్రౌన్‌లీ అనే శాస్త్రవేత్త 2001లో ఒక వరుస కూర్చి చూపాడు. అదే ఏడాది తిరుపతి బృందం ఎర్రచందనం బెరడు సారం మధుమేహపు ఎలుకల్లో చక్కెరను తగ్గించిందని ప్రకటించింది.

ఎలుకల్లో ఫలితాలు తరచూ ముచ్చటగానే ఉంటాయి. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2005లో పసుపు మధుమేహపు ఎలుకల్లో శుక్లాన్ని ఆలస్యం చేసిందని చూపింది. మనుషుల దగ్గరకు వచ్చేసరికి కథ మారింది. ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే పురుషులపై జరిగిన పరీక్షలో బీటాకెరోటిన్ తీసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. దక్షిణ భారతంలో 798 మందిని తీసుకుని, వారిలో కొందరికి అయిదేళ్లపాటు బీటాకెరోటిన్, సి, ఇ విటమిన్లు ఇచ్చి పోల్చిచూస్తే శుక్లం ముదరడం ఆగలేదని 2006లో వెల్లడైంది. యాంటీఆక్సిడెంట్ బిళ్లల వ్యాపారం మాత్రం తగ్గలేదు.

రక్షకం ఏది, ఎక్కడ తరిగిందో స్పష్టంగా తెలిసిన చోట వైద్యం ఫలించింది. పారాసెటమాల్ మితిమీరి మింగినప్పుడు కాలేయంలో గ్లుటాథయాన్ అడుగంటుతుంది. దాన్ని తిరిగి నింపే ఎన్-అసిటైల్‌సిస్టీన్‌ను 1970ల నుంచి విరుగుడుగా వాడుతున్నారు. తొలి ఎనిమిది గంటల్లో ఇస్తే అది బాగా పనిచేస్తుంది.