పూసల మగ్గం

పూసల మగ్గం చిన్న గాజుపూసలను దారాల మధ్య వరుసలుగా కూర్చి పట్టీలు నేయడానికి బల్లపై పెట్టుకునే చట్రం. ఉత్తర అమెరికా ఈశాన్య ప్రాంతపు ఆదివాసులు సముద్రపు గుల్లల పూసలతో 'వాంపమ్' పట్టీలు నేసేవారు. తర్వాత ఐరోపా వర్తకుల ద్వారా గాజుపూసలు వచ్చాయి. 19వ శతాబ్దంలో మహా సరస్సుల ప్రాంతపు ఒజిబ్వే స్త్రీలు మగ్గంపై నేసిన పూసల పలకలతో భుజసంచులను అలంకరించారు.

చట్రం రెండు చివరలా ఉన్న స్ప్రింగుల్లో లేదా గాట్లలో పడుగు పోగులను బిగిస్తారు. పోగుల సంఖ్య వరుసలోని పూసలకన్నా ఒకటి ఎక్కువ: 20 పూసల వెడల్పుకు 21 పోగులు. పేక దారానికి గుచ్చిన పూసలను పడుగు కింద నుంచి పైకి నొక్కి, ఒక్కో పూసను రెండు పోగుల నడుమ నిలుపుతారు. సన్నని సూదిని పోగుల మీదుగా అవే పూసల్లోంచి వెనక్కి తీస్తే వరుస బిగుస్తుంది. సుమారు 2 మి.మీ. మందం గల 11/0 సైజు పూసల వాడకం ఎక్కువ. గళ్ల కాగితంపై గీసిన నమూనాలో ఒక్కో గడి ఒక్కో పూసను సూచిస్తుంది.